పెళ్లిచూపుల్లో ఇంగ్లీషు పాఠం

నన్ను చూడటానికి మొట్టమొదట వచ్చిన పెళ్లివారు తిరువళ్ళూరు వాళ్ళు. డెబ్బైల చివరి మాట. అప్పుడు మేము తిరుత్తణిలో, స్టేషనుకు పోయే దారిలో ఉండేవాళ్ళం. మా నాయనది పొదటూరుపేట. అక్కడ మా పెదనాయన వాళ్ళు మగ్గాల మీద లుంగీలు, తువాళ్ళు నేస్తే, మా నాయన వాటిని తెచ్చి గుడి కొండ కింద చిన్న అంగట్లో అమ్మేవాడు. నేను ఇంట్లోనే ఉండి, పోస్టులో పాఠాలు తెప్పించుకుని బి.ఏ. చదువుతున్నాను. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు. మొదటి రెండింటితో నాకు ఏ గొడవా లేదు. మూడోది మాత్రం మొండికేసింది. మిగిలిన పేపర్లన్నీ గట్టెక్కినా ఇంగ్లీషు ఒక్కటి నిలిచిపోయింది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. పిల్లవాడు తాలూకా ఆఫీసులో గుమాస్తా. అతని తల్లి బొద్దుగా, నిదానంగా, చూసినదాన్నల్లా తూచినట్టు చూసే మనిషి. తండ్రి ఇంగ్లీషు సార్. వాళ్ళదీ నేత కుటుంబమే గానీ, ఆయన చిన్నప్పుడే మగ్గం గుంట దాటి చదువులో పడి, తిరువళ్ళూరు హైస్కూల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి, ఆ ముందటి ఏడే రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో కళ్ళజోడు డబ్బా, చంకలో గొడుగు.

చాప మీద నన్ను కూర్చోబెట్టారు. అరటికాయ బజ్జీలు, కేసరి, కాఫీ అయ్యాక పిల్లవాడి తల్లి మొదలుపెట్టింది.

"పాట వస్తాదామ్మా?"

"రాదమ్మా."

"ముగ్గులు?"

"వేస్తాను."

సార్ అంతవరకూ బజ్జీ తింటూ గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. ఉన్నట్టుండి నావైపు తిరిగారు. "ఏం చదవతా ఉండావమ్మా?"

"బి.ఏ. సార్. ఇంగ్లీషు ఒకటి నిలిచిపోయింది."

మా నాయన ముఖం మాడిపోయింది. అడిగితే తప్ప ఆ మాట ఎత్తకూడదని ముందురోజు ఇంట్లో అనుకున్నారు. అడిగారు కాబట్టి చెప్పాను.

"ఎందుకు నిలిచింది?"

"గ్రామరు సార్."

"గ్రామరులో యాడ?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు పోయిందంటే అందరూ అయ్యో అనేవాళ్ళు, ఎక్కడ పోయిందని వెతికినవాళ్ళు లేరు. "రెండు వాక్యాలిచ్చి కలిపి ఒకటిగా రాయమంటారు గదా సార్, అది. పార్టిసిపుల్. ఇంకోటి అబ్సల్యూట్ అంట. ఆ రెండూ నాకు ఒకటే మాదిరి ఉంటాయి."

సార్ కూర్చున్నచోటే ముందుకు జరిగారు. కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. "పరీక్షలో ఏమిచ్చినారు? గుర్తుండాదా?"

గుర్తుంది. ఆ రోజు ఎండ దంచేస్తోంది, అందుకని నేను ఇంట్లోనే ఉన్నాను, అన్న రెండు వాక్యాలు. నేను రాసింది చెప్పాను: "బీయింగ్ ఎ హాట్ డే, ఐ స్టేయ్డ్ ఎట్ హోమ్."

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. పాడే మనిషి శ్రుతి విన్నట్టు ఊపారు. "చూడమ్మా. 'బీయింగ్' అన్నావు. ఎవరు బీయింగ్? కామా దాటినాక మొదట వచ్చిన మనిషి ఎవరు? ఐ. అంటే నువ్వు. నువ్వు ఎండవై ఉండి ఇంట్లో ఉండిపోయినావు అని రాసినావు."

పిల్లవాడు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మా అమ్మకు ఏమీ అర్థం కాకపోయినా, పిల్లవాడు నవ్వాడు కాబట్టి శుభమని తానూ నవ్వింది.

సార్ ఆగలేదు. పళ్ళెంలో మిగిలిన బజ్జీ ఎత్తి చూపించారు. "హావింగ్ ఈటెన్ ది బజ్జీ, ఐ డ్రాంక్ ది కాఫీ. తిన్నది ఎవరు? నేను. తాగింది ఎవరు? నేనే. ఇద్దరూ ఒకరే, అందుకని మొదటి ముక్కలో నా పేరు అక్కరలేదు. అది పార్టిసిపుల్." బజ్జీ నోట్లో వేసుకుని లోటా పైకెత్తారు. "ది కాఫీ హావింగ్ గాన్ కోల్డ్, ఐ డిడ్ నాట్ డ్రింక్ ఇట్. ఆరిపోయింది ఎవరు? కాఫీ. తాగనిది ఎవరు? నేను. ఇక్కడ ఇద్దరు. అందుకని కాఫీ తన పేరు తానే మోసుకోని రావాల. అది అబ్సల్యూట్."

"కాఫీ ఆరిపోయిందా అన్నా? వేరే తెస్తాను," అని మా అమ్మ లేచింది.

"ఆరలేదమ్మా, ఉదాహరణ," అన్నారు సార్.

"ఏమండీ," అంది ఆయన భార్య, గొంతు తగ్గించి, అందరికీ వినబడేలా. "పిల్లను చూసేకి వచ్చినామా, క్లాసు తీసుకునేకి వచ్చినామా?"

ఆమె ఇక ఆలస్యం చేయకుండా అసలు సంగతికి వచ్చింది. నాకు జాతకం రాయించలేదు. మధ్యవర్తి ఆ విషయం తర్వాత చూసుకుందామని దాటేశాడు. "నక్షత్రం ఏమి?" అని ఆమె మా అవ్వను అడిగింది. మా అవ్వకు అబద్ధం చెప్పడం చేతకాదు.

"మూల," అంది.

మూల నక్షత్రంలో పుట్టిన కోడలు అడుగుపెడితే మామకు ఆగదని, ఆయన ప్రాణానికే ముప్పని మావైపు గట్టి నమ్మకం. అందరూ ఒక్కసారిగా సార్ వైపు చూశారు. ఆయన మాత్రం నా వైపే చూస్తూ, "ఇంకొకటి చెప్తాను విను," అంటున్నారు.

వద్దని మధ్యవర్తితో కబురు వచ్చింది. పిల్ల బాగుంది, కుటుంబం బాగుంది, నక్షత్రమే కుదరలేదు, ఏమనుకోవద్దు అని. నాకు కష్టంగానే అనిపించింది. ఆ పిల్లవాడి మీద నాకు అప్పటికి ఏ ఆశా లేదు గానీ, వద్దనిపించుకోవడం ఎవరికైనా చేదే. అంతకంటే, సగంలో ఆగిన ఆ పాఠం మనసులో మెదులుతూ ఉండేది. కాఫీ తన పేరు తానే మోసుకు రావడం ఏమిటో వినేటప్పుడు తెలిసినట్టే ఉంది. రాయబోతే చేతికి రావడం లేదు.

ఆ తర్వాతి కృత్తికనాడు కొండ మీద దర్శనం చేసుకుని, నుదుట విభూతితో, సార్ నేరుగా మా ఇంటికి వచ్చారు. ఒక్కరే వచ్చారు. మా నాయన చాప పరిచి, మంచినీళ్ళు తెమ్మని లోపలికి కేకేశాడు.

"కోడలు కాకపోతే పోనీ," అన్నారు సార్, మంచినీళ్ళు తాగి. "పరీక్ష ఉండాది గదా. వారానికొకసారి మా ఇంటికి పంపండి. నేను చెప్తాను. నాకు ఇప్పుడు పొద్దు పోదు."

ఆయన చివర అన్న ఆ మాట మా నాయనను కదిలించింది. అన్నేళ్ళు పిల్లల గోలలో బతికిన మనిషి ఒక్కసారిగా నిశ్శబ్దంలో పడితే ఎలా ఉంటుందో, మగ్గం శబ్దం లేని ఇంట్లో నిద్రపట్టని మా నాయనకు తెలుసు. కానీ మా అమ్మ ఒప్పుకోలేదు. "వద్దన్నోళ్ళ ఇంటికి పిల్లను పంపిస్తే నలుగురూ ఏమంటారు? ఆ నక్షత్రం సంగతి వేరే ఉండాది. రేపు ఆయనకేమన్నా అయితే?"

మా అవ్వ అంతసేపూ తమలపాకులకు సున్నం రాసుకుంటోంది. "మూల ఎవరికి ఆగదు? మామకు. ఈయన ఇప్పుడు మామ కాదు గదా. అయ్యవారు. అయ్యవారికి ఏ నక్షత్రమూ పట్టదు," అంది. ఇంట్లో అవ్వ మాటకు అప్పీలు లేదు.

మా నాయన శనివారాలు తిరువళ్ళూరు అంగళ్ళకు తువాళ్ళు వేయడానికి వెళ్ళేవాడు. నేను ఆయనతో బస్సెక్కి, సార్ ఇంటి దగ్గర దిగేదాన్ని. మధ్యాహ్నం దాకా పాఠం. అమావాస్య శనివారం వచ్చిందంటే మాత్రం వీరరాఘవస్వామి గుడికి పోయే జనంతో బస్సులో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. తువాళ్ళ మూట ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పుస్తకం పెట్టుకుని, కంఠతా పట్టుకుంటూ పోయేదాన్ని.

పాఠం వీధి అరుగు మీద జరిగేది. సార్ దగ్గర ఒకే ఒక ప్రశ్న ఉండేది: ఎవరు? నేను ఏ వాక్యం చదివినా, కామా దగ్గర ఆపి, "ఎవరు?" అనేవారు. సొంతంగా రాసుకు రమ్మంటే నేను మా ఊళ్ళో జరిగిందే రాసేదాన్ని. ఒక వారం కొండెక్కుతుంటే కోతి నా చేతిలో అరటిపండు లాక్కుపోయింది. గర్వంగా రాసుకెళ్ళాను. "క్లైంబింగ్ ది హిల్, ఎ మంకీ టుక్ మై బనానా."

"కొండెక్కింది ఎవరు?" అన్నారు సార్.

"నేను సార్."

"కోతి?"

"అది పైనే ఉండాది సార్. మెట్ల పక్కన గోడ మీద కూర్చోనుండాది."

"నీ వాక్యంలో కోతి కొండెక్కతా ఉండాది. నువ్వు యాడుండావో తెలీదు. పండు నీదని మాత్రం తెలస్తాది."

దాన్ని దిద్దడానికి నాకు చాలాసేపు పట్టింది. కామా తర్వాత మొట్టమొదట నన్ను నిలబెట్టుకోవాలి. కోతి వెనక రావాలి. క్లైంబింగ్ ది హిల్, ఐ లాస్ట్ మై బనానా టు ఎ మంకీ. అది చదవగానే సార్ తొడ మీద చరిచి, లోపలికి వినబడేలా, "దొరికింది," అన్నారు.

లోపల గిన్నెల చప్పుడు పెరిగింది. సార్ భార్యకు నేను రావడం ఇష్టం లేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, కాఫీ ఇవ్వడం మానలేదు. కానీ సార్ దగ్గితే తలుపు సందులో ఆమె ముఖం కనిపించేది. తుమ్మితే ఇంకా ముందుకు వచ్చేది. ఆయన్ను ఒకసారి, నన్ను ఒకసారి చూసి వెళ్ళిపోయేది. శనివారాల్లో సార్‌కు తుమ్ము రాకూడదని నేను బస్సులోనే దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. ఆయనకు పొడుం అలవాటు. ఏం లాభం.

పార్టిసిపుల్ కొన్ని వారాల్లో నాకు లొంగింది. మన తెలుగులో ఉన్నదే అది. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు అంటాం. కడుక్కున్నదీ అతనే, వచ్చిందీ అతనే. ఎవరని అడిగే పని లేదు. అబ్సల్యూట్ మాత్రం అరుగు మీద ఉన్నంతసేపు అర్థమై, బస్సు కనకమ్మసత్రం దాటేలోపల మరపున పడేది. ఇద్దరు మనుషులు ఒక వాక్యంలోకి వచ్చేసరికి నేను ఒకరిని మింగేసేదాన్ని. లేదా వాక్యాన్ని రెండు ముక్కలు చేసేదాన్ని.

ఐప్పసి, అంటే దీపావళి నెల, వానలు పట్టుకున్నాయి. ఒక శనివారం నేను వెళ్ళేసరికి అరుగు మీద సార్ లేరు. ఆయన భార్య వాకిట్లోనే ఎదురైంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"జ్వరం," అంది. "రెండు రోజులనుంచి దిగలేదు. ఇంకొన్నాళ్ళు రావద్దమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేదనిపించింది. నేను అక్కడినుంచి అంగడి వీధికి నడిచి, మా నాయన పని అయ్యేదాకా ఒక బట్టలకొట్టు చూరు కింద నిలుచున్నాను. తిరుగు బస్సులో మా నాయన వేయించిన వేరుసెనగల పొట్లం కొనిచ్చాడు. నేను వాటిని ఒలవకుండా పట్టుకుని కూర్చున్నాను. నక్షత్రాలు గిక్షత్రాలు లేవని అంతవరకూ లోపల నవ్వుకునే నాకే, ఆ పూట అనుమానం వచ్చింది. ఆయన నా వల్ల పడుకున్నారేమో.

కొన్ని శనివారాలు అలా పోయాయి. సార్‌కు ఎలా ఉందో కనుక్కు రమ్మని ప్రతిసారీ నాయనతో చెప్పేదాన్ని. ఆయన వాకిట్లోనే అడిగి, "పరవాలేదంట," అని వచ్చి చెప్పేవాడు. ఆ తర్వాత ఒక రోజు పొద్దున, సన్నగా జల్లు పడుతుండగా, మా ఇంటి ముందు సార్ భార్య, ఆమె కొడుకు నిలబడ్డారు. ఆమె నుదుట బొట్టు చూశాక గానీ నాకు ఊపిరి రాలేదు.

"నువ్వు రావాలమ్మా," అంది, కూర్చోకుండానే.

"సార్‌కు ఎట్లా ఉండాది?"

"జ్వరం పోయి వారమాయె. డాక్టరు ఇంకా పడుకోమన్నాడు. పడుకోని నాకు గ్రామరు చెప్తా ఉండాడు." ఆమె చాప మీద కూలబడింది. "కూర తరగతా ఉంటే పిలస్తాడు. ఏమో అని పోతే, 'హావింగ్ కట్ ది వెజిటబుల్స్' అంటాడు, 'ఎవరు?' అంటాడు. నాకేం తెలస్తాది? చెప్పకపోతే కషాయం తాగనంటాడు. ఈ పిల్లోడు ఆఫీసుకని పారిపోతాడు. నేను యాడికి పారిపోయేది?"

కొడుకు గోడవైపు తిరిగి నవ్వాపుకుంటున్నాడు.

"అయితే మూల నక్షత్రం?" అంది మా అవ్వ, ఏమీ తెలియనట్టు.

"ఆ నక్షత్రం చేసేది ఏమి చేస్తాదో చెయ్యనీ పెద్దమ్మా. ఈ గ్రామరు నన్ను ముందే చంపేటట్టుండాది."

మా అవ్వ అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. సార్ భార్యకు మొదట కోపం వచ్చింది. ఆ తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది. మా అమ్మ ఉప్మా చేసి పెట్టింది. ఆ రోజే వాళ్ళతో బస్సెక్కి వెళ్ళాను.

సార్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. తలకు మఫ్లరు. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి, అసలే సన్నటి మనిషి ఇంకా సన్నబడ్డారు. నన్ను చూడగానే, "యాడ నిలిపినాము?" అన్నారు.

"అబ్సల్యూట్ సార్."

ఆయన భార్య కషాయం తెచ్చింది. "ముందు ఇది తాగి పాఠం చెప్పండి," అంది. ఆయన తాగలేదు. ఆమె గ్లాసు కిటికీలో పెట్టి, నడుము పట్టుకుని, నాకు చెప్పుకుంది. "చూడమ్మా. ఈయనకు జ్వరమొచ్చి, నేను సగమైపోయినా."

ఆమె అప్పటికీ బొద్దుగానే ఉంది. నాకు నవ్వు రాబోయి, మధ్యలోనే ఆగింది. ఆమె అన్న మాట చెవిలో నిలబడింది. 'ఈయనకు జ్వరమొచ్చి.' వచ్చింది ఎవరికి? సార్‌కు. 'నేను సగమైపోయినా.' అయింది ఎవరు? ఈమె. ఇద్దరు. ఒకటే వాక్యం. ఎవరినీ మింగలేదు. ఎక్కడా విరగలేదు.

"సార్," అన్నాను. "ఇప్పుడు అమ్మ చెప్పింది ముందు దానికంటే వేరే మాదిరి గదా. కషాయం తాగి పాఠం చెప్పండి అంటే రెండూ మీరే. జ్వరమొచ్చి నేను సగమైనా అంటే, మీరొకరు, అమ్మ ఒకరు."

సార్ మఫ్లరు చెవుల మీదినుంచి తీసేశారు. "ఇంకొకటి చెప్పు."

"వాన పడి బస్సు ఆలస్యమైంది. పడింది వాన, ఆలస్యమైంది బస్సు."

"ఇంకొకటి."

"నూలు తడిసి మగ్గం నిలిచింది." పొదటూరుపేటలో వానాకాలమంతా మా పెదనాయన అనే మాట అది.

"ఇంక ఇంగ్లీషులో చెప్పు."

"ది రెయిన్ హావింగ్ ఫాలెన్, ది బస్ వాజ్ లేట్. ది యార్న్ హావింగ్ గాట్ వెట్, ది లూమ్ స్టాప్డ్." నాకు నేనే ఆశ్చర్యపోతూ, ఆగకుండా పాత పరీక్ష వాక్యం కూడా ఎత్తుకున్నాను. ఎండకు ఒక మనిషి కావాలి. ఇంగ్లీషులో ఎండకూ వానకూ పొద్దుకూ ఊరికే నిలబెట్టే మనిషి ఒకడున్నాడు, 'ఇట్'. "ఇట్ బీయింగ్ ఎ హాట్ డే, ఐ స్టేయ్డ్ ఎట్ హోమ్."

సార్ కిటికీలోంచి కషాయం గ్లాసు తానే తీసుకుని గడగడా తాగేశారు. ఆయన భార్య నోరు తెరిచి చూసింది.

"ఒకటి జ్ఞాపకం పెట్టుకో," అన్నారు మూతి తుడుచుకుని. "తెలుగులో ఇది అన్నిచోట్లా కుదరదు. 'మీ నాయన వచ్చి నేను కాఫీ తాగినా' అంటే వినేకి బాగుండదు. ఇంగ్లీషులో బాగానే ఉంటాది. తెలుగు నిన్ను వాకిలి దాకా తీసుకోనొస్తాది. అక్కడినుంచి లోపలికి నువ్వే పోవాల."

"నన్ను పాఠంలో పెట్టినారా మీరు?" అంది ఆయన భార్య అనుమానంగా.

"పెట్టలేదు. నువ్వే వచ్చి కూర్చున్నావు," అన్నారు సార్.

అప్పటినుంచి ఆమె తలుపు సందులోంచి చూడటం మానేసింది. పాఠం జరుగుతుంటే అరుగు చివర కూర్చుని వడియాల పిండో, చిక్కుడుకాయలో ముందేసుకుని, మధ్యలో మాట కలిపేది. ఆమె మాటల్లోంచి మేము వాక్యాలు ఏరుకునేవాళ్ళం. పాలవాడు రాక కాఫీ లేదు. పిల్లోడు నిద్ర లేవక బస్సు పోయింది. కొన్ని ఇంగ్లీషులోకి వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు. రానప్పుడు ఎందుకు రాలేదో సార్ చెప్పేవారు. ఆయన తుమ్మితే ఆమె ఇప్పుడు, "పొడుం తగ్గించండి," అనేది.

ఆ సారి పరీక్షలో ఇంగ్లీషు పాసయ్యాను. మార్కులు గొప్పగా చెప్పుకునేవి కావు గానీ, వాక్యాలు కలిపే ప్రశ్నలో ఒక్కటీ వదల్లేదు. ఆ సంగతి చెప్పడానికి నేనూ నాయనా మిఠాయి పొట్లంతో వెళితే, సార్ ముందు ప్రశ్నపత్రం తీసుకుని అరుగు మీద కూర్చుని, ఒక్కొక్కటీ నాచేత మళ్ళీ చెప్పించుకున్నారు. అంతా అయ్యాకే మిఠాయి ముట్టారు.

ఆ రోజే సార్ భార్య మా నాయనను పక్కకు పిలిచింది. వాళ్ళ కొడుక్కు అప్పటికి కాంచీపురం సంబంధం ఖాయమైంది. ఆమె మాట్లాడింది తన చెల్లెలి కొడుకు గురించి. పొదటూరుపేటలో చేనేత సొసైటీలో పని. నెమ్మదైనవాడు. "చిన్నప్పుడే తండ్రి పోయినాడు," అంది. "ఆ ఇంట్లో మామ లేడు. ఈ పిల్ల నక్షత్రానికి అక్కడ పనే లేదు."

మా అవ్వకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది. కానీ లెక్క పెట్టుకోవడం ఆమె అలవాటు. "ఆ పిల్లోడికి నువ్వు పెద్దమ్మవైతే, నీ మొగుడు దీనికి పెద్దమామ అవతాడు గదా. పెద్దమామ కూడా మామే."

"పెద్దమామకు పట్టదంట. గుళ్ళో అయ్యరును అడిగే వచ్చినా," అంది ఆమె. నిజంగా అడిగిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండోసారి పెళ్లిచూపులు. సార్ ఈసారి కూడా పెళ్లివారి వైపే కూర్చున్నారు. గ్రామరు ఎత్తనని భార్యకు మాటిచ్చి వచ్చారట. పెదవులు బిగించి, బజ్జీ వైపు కూడా చూడకుండా కూర్చున్నారు. పాట వస్తుందా, ముగ్గు వస్తుందా అని ఎవరూ అడగలేదు. పిల్లవాడు తలెత్తి, సన్నగా అన్నాడు. "మీకు ఇంగ్లీషు వస్తాదని పెద్దమ్మ చెప్పింది. మా సొసైటీకి మదరాసు ఆఫీసునుంచి ఇంగ్లీషు కాగితాలొస్తాయి. ఒక్కో వాక్యం ఒక పేజీ ఉంటాది. నాకు తల తిరగతాది. చదివి చెప్తారా?"

"చెప్తాను," అన్నాను.

అంతే. ఇంకేమీ మాట్లాడుకోలేదు. కానీ తనకు తెలియనిదాన్ని అంతమందిలో తెలియదని చెప్పగలిగిన మనిషితో బతకడం కష్టం కాదని నాకు ఆ క్షణాన అనిపించింది. పొరపాటు పడలేదు. పెళ్లయిన కొత్తలో పొదటూరుపేటలో, చుట్టూ మగ్గాల చప్పుడు మధ్య, ఆ కాగితాలు ముందేసుకుని కూర్చునేవాళ్ళం. ప్రతి కామా దగ్గర నేను, "ఎవరు?" అనేదాన్ని. ఆయన వేలు పెట్టి వెతికేవాడు. దొరికితే నూలు లెక్క అడుగుతున్నారని, దొరక్కపోతే ఏమీ అడగడం లేదని తేల్చుకునేవాళ్ళం.

ఆయనే నన్ను బి.ఎడ్. చదివించాడు. ఎనభైల నడుమ తిరువళ్ళూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నాకు ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చింది. కాపురం అక్కడికి మార్చాం. సార్ ఇల్లు మా వీధికి దగ్గరే. పెద్దత్త, అంటే సార్ భార్య, రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి, పొద్దున సార్ తననేమి అడిగారో చెప్పి వెళ్ళేది.

పదో తరగతికి అబ్సల్యూట్ చెప్పాల్సిన రోజు వచ్చింది. ముందురోజు మాటల్లో సార్‌తో అన్నాను. మరుసటిరోజు గంట కొట్టేసరికి ఆయన వరండాలో ఉన్నారు, ఉతికిన చొక్కా, గొడుగుతో. మా హెడ్‌మిస్ట్రెస్ కూడా ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నదే. ఆమె కుర్చీ వేయించబోతే వద్దని, నేరుగా లోపలికి వచ్చి, చివరి బెంచీలో పిల్లల పక్కన సర్దుకుని కూర్చున్నారు. పిల్లలు మూతులు మూసుకుని నవ్వుకున్నారు.

పాఠం మొదలుపెట్టాను. బోర్డు మీద ఒక వాక్యం రాసి, "ఎవరు?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. కొత్త పాఠం, వెనక కొత్త మనిషి. పిల్లలు బల్లల వైపు చూస్తున్నారు. మళ్ళీ అడిగాను.

చివరి బెంచీలోంచి సార్ చేయెత్తారు.

నేను చూడనట్టు నటించి, కిటికీ దగ్గర కూర్చున్న ఒక అమ్మాయిని లేపాను. ఆ పిల్ల తడబడుతూ చెప్పింది. సరిగ్గానే చెప్పింది. అక్కడినుంచి ఒకరి తర్వాత ఒకరు పలకడం మొదలుపెట్టారు. ఎవరి అమ్మ ఏమందో, ఎవరి ఇంట్లో ఏం పొంగిపోయిందో, తమిళంలో కొందరు, తెలుగులో కొందరు. క్లాసంతా గోల. ఆ గోల మధ్య సార్ రెండుసార్లు చేయెత్తారు. మూడోసారి ఎత్తి, దించకుండా పట్టుకున్నారు. గంట కొట్టారు.

బయట ఎండ. ఆయన గొడుగు విప్పి నా తల మీదికి కూడా జరిపారు. గేటు దాటాం. పాఠం ఎలా ఉందో చెబుతారని నేను ఎదురుచూస్తున్నాను.

"నేను చేయెత్తినా గదా," అన్నారు. "నన్ను ఎందుకు అడగలేదు?"

"మీకు తెలుసు గదా సార్."

"తెలిసినోడికి చెప్పాలని ఉండదా? రేపు ఒకటన్నా నన్నడుగు."

"రేపు పిల్లలకు లెక్కల పరీక్ష సార్. నాకు క్లాసు లేదు."

ఆయన కొంచెం ఆలోచించారు. "సరి. అయితే ఎల్లుండి వస్తాను," అన్నారు.

వచ్చారు కూడా.